వీధిలో పొగ తగ్గాలంటే ఇంట్లో ఏం చేయాలి: వరుసగా, వివరంగా

"గాలి బాగుండాలంటే మా ఇంట్లో మేం ఏం చేయగలం?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. మొక్కలు నాటండి, కారు మానేయండి అని చెప్పి ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ పని ముందు మొదలుపెట్టాలి, దానికి ఏం కావాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది, జరిగితే ఎలా సరిచేసుకోవాలి అన్నవే ఇక్కడ రాస్తున్నాను.

ఫ్యాక్టరీల పొగ, హైవే మీద లారీల పొగ మన చేతిలో లేవు. కానీ తెల్లారి కిటికీ తీయగానే ముక్కుకు తగిలే కాలుడు వాసన చాలాసార్లు మన వీధిలోదే. ఎవరో కుప్ప పోసి అంటించిన చెత్తదో, ఆకులదో అయివుంటుంది. అందుకే చెత్త, ఆకులు ముందు పెట్టాను, వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. ముందు ఒక వారం గమనించండి

ఏమీ కొనకండి, ఏమీ మార్చకండి. ఒక నోట్‌బుక్‌లో వారం రోజులు ఈ నాలుగు విషయాలు రాయండి.

- మీ ఇంట్లో పొగ వచ్చే ప్రతి పని: పొయ్యి, పోపు, అగరబత్తి, దోమల చుట్ట, బండి స్టార్ట్ చేసి ఉంచడం, చెత్త కాల్చడం
- ఏ టైమ్‌కి, ఎంతసేపు
- వీధిలో పొగ ఎప్పుడు కనిపించింది, ఏ వైపు నుంచి
- ఇంట్లో ఎవరికైనా దగ్గు, కళ్ళ మంట ఎప్పుడు వచ్చింది

టైమ్ రాయమనడానికి కారణం ఉంది. చలికాలం రాత్రిళ్ళు నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన ఉన్న వెచ్చని గాలి మూతలా పనిచేస్తుంది. సాయంత్రం ఏడింటికి అంటించిన చెత్త పొగ పైకి పోలేక తెల్లవార్లూ ఇళ్ళ మధ్యే తిరుగుతుంది. అదే మంట మే నెల మధ్యాహ్నం పెడితే పొగ పైకి లేచి చెదిరిపోతుంది. ఎప్పుడు కాల్చినా తప్పే, కానీ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం, సాయంత్రం వేళ కాల్చడం మరీ ప్రమాదం.

ఫోన్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ 'సమీర్' యాప్ కూడా పెట్టుకోండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం లాంటి చోట్ల ఉన్న స్టేషన్ల గాలి నాణ్యత సూచిక అందులో కనిపిస్తుంది. 50 లోపు ఉంటే మంచిది, 100 దాకా ఫర్వాలేదు, 200 దాటితే గాలి బాగా లేదని అర్థం.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ అంకె స్టేషన్ ఉన్న చోటిది. మీ సందులో ఎవరో టైరు కాలుస్తుంటే అది ఆ అంకెలో కనపడదు. యాప్‌లో పచ్చరంగు చూసి కిటికీ తెరిచేముందు మీ ముక్కును కూడా అడగండి.

## 2. చెత్త వేరు చేయడం: మంట మొదలయ్యేది ఇక్కడే

వీధి చివర కాలుతున్న కుప్పను ఎప్పుడైనా దగ్గరగా చూడండి. అందులో ఉండేవి పాల ప్యాకెట్లు, కూరగాయల కవర్లు, కొబ్బరి పీచు, ఎండుటాకులు, చిరిగిన చెప్పు. అన్నీ ఏదో ఒక వంటింట్లోంచి, ఏదో ఒక వాకిట్లోంచి వచ్చినవే. తడీ పొడీ కలిపేస్తే ఆ సంచి కంపు కొడుతుంది. కంపు కొడితే ఇంట్లో ఉంచుకోలేక రాత్రికి రాత్రి మూల మీద పెడతాం. కుక్కలు చింపుతాయి. పొద్దున ఊడ్చేవాళ్ళకు వేరే దారి లేక అగ్గిపుల్ల గీస్తారు. ఈ గొలుసును తెంపడానికి అన్నిటికన్నా తేలికైన చోటు మన వంటింటి సింకు పక్కనే.

కావలసినవి: మూత ఉన్న ఆకుపచ్చ బుట్ట తడి చెత్తకు, నీలం బుట్ట పొడి చెత్తకు, ఒక చిన్న డబ్బా ప్రమాదకరమైన వాటికి, పాత న్యూస్‌పేపర్లు.

చేసే వరుస:

1. తడి బుట్ట అడుగున ప్లాస్టిక్ కవర్ వేయకండి. న్యూస్‌పేపర్ రెండు మడతలు పరచండి. తడి పీల్చుకుంటుంది, చెత్తతో పాటే కుళ్ళిపోతుంది.
2. కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం తడి బుట్టలోకి. పల్చటి సాంబారు, మజ్జిగ లాంటివి నీళ్ళు వార్చాకే వేయండి.
3. పాల ప్యాకెట్ కోసేటప్పుడు మూల పూర్తిగా తెగిపోకుండా కొంచెం అంటి ఉండేలా కత్తిరించండి. తెగిన ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు. అది కాలువలోకో, ఆకుల కుప్పలోకో చేరుతుంది.
4. ప్యాకెట్‌లో కాసిని నీళ్ళు పోసి కుదిపి, ఆ నీళ్ళు మొక్కలకు పోయండి. ప్యాకెట్‌ను సింకు పక్కన తీగకు క్లిప్‌తో ఆరబెట్టి, ఆరాక నీలం బుట్టలో వేయండి.
5. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపర్‌లో చుట్టి, గుర్తుపట్టేలా పైన ఎర్ర గీత గీసి వేరుగా ఇవ్వండి.
6. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, పెయింట్ డబ్బాలు, గడువు తీరిన మందులు చిన్న డబ్బాలో. అది నిండడానికి నెలలు పడుతుంది.

తప్పులు, వాటి మందు:

తడి బుట్టలో పురుగులు పడుతున్నాయా? అన్నం, మాంసం ముక్కలు మూత లేకుండా ఉన్నాయన్నమాట. మీద గుప్పెడు ఎండుటాకు పొడో, రంపపు పొట్టో చల్లి మూత పెట్టండి.

"మేం వేరు చేసినా బండిలో కలిపేస్తున్నారు" అనే మాట చాలాచోట్ల వింటాను. కోపం న్యాయమైనదే. అయినా వేరు చేయడం ఆపకండి. పొడి చెత్త శుభ్రంగా ఉంటే దాన్ని ఏరుకునేవాళ్ళు తీసుకెళ్తారు, పాత పేపర్లు కొనేవాళ్ళూ తీసుకుంటారు. కంపు లేని పొడి చెత్త వారం రోజులు ఇంట్లో ఉన్నా ఇబ్బంది లేదు. అంటే బండి రెండు రోజులు రాకపోయినా టెన్షన్ ఉండదు. కాల్చాలనే అవసరమే రాదు.

పాత కరెంటు వైర్లను రాగి కోసం కాల్చేవాళ్ళకు ఇవ్వకండి. వైరు మీది తొడుగు పీవీసీ అనే ప్లాస్టిక్. అది కాలితే కళ్ళు, గొంతు మండించే ఆమ్లపు ఆవిరి వస్తుంది, డయాక్సిన్ల లాంటి విషాలూ పుడతాయి. పాత ఫ్రిజ్, టీవీ, ఛార్జర్లతో పాటు ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే చేర్చండి.

## 3. రాలిన ఆకులు: కాల్చకుండా ఏం చేయాలి

మా ఇంటి ముందు పెద్ద కానుగ చెట్టు ఉంది. ఎండలు మొదలవుతుండగా ఆకు రాల్చడం మొదలుపెడితే రోజుకో బస్తా ఆకు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పొద్దున్నే ఊడ్చి, గేటు పక్కన కుప్ప చేసి అంటించేవాడు. రాత్రి మంచుకు ఆకులు కొంచెం తడిగా ఉండటంతో మంట రాదు, గంటన్నర పాటు తెల్లగా, చిక్కగా పొగ మాత్రం వస్తుంది. మొదటి అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ ఆ సేపంతా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక గదిలో కూర్చునేవారు.

ఒకరోజు కాల్చొద్దని అతనికి చెప్పాను. "ఊడ్చిన ఆకు ఏడ పెట్టాలె సార్? బండోడు తీస్కపోనంటడు" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాల్చొద్దు అని చెప్పేముందు ఎక్కడ పెట్టాలో చూపించాలని అప్పుడు తెలిసింది. ఆ వారమే ఆకుల జాలి కట్టించాం, అంటే ఆకులు నింపి ఎరువుగా మాగబెట్టే జాలి తొట్టి. ఆ తర్వాత అతను మళ్ళీ కాల్చలేదు.

కావలసినవి:

- కోళ్ళ జాలి 10 అడుగుల పొడవు, 3 లేక 4 అడుగుల ఎత్తు
- కట్టడానికి బైండింగ్ వైరు, నిలబెట్టడానికి నాలుగు కర్రలు
- ఆరేడు పాత ఇటుకలు
- పుల్లటి మజ్జిగ ఒక లీటరు, లేదా పేడ రెండు దోసిళ్ళు బకెట్ నీళ్ళలో కలిపి
- పైన కప్పడానికి గోనెసంచి

కట్టే విధానం:

1. కొంచెం నీడ ఉండి, నీళ్ళు నిలవని నేల చూడండి. గోడకు ఆనించకండి, చుట్టూ తిరిగేంత ఖాళీ వదలండి.
2. జాలిని గుండ్రంగా చుట్టి చివరలు వైరుతో కట్టండి. 10 అడుగుల జాలికి దాదాపు 3 అడుగుల అడ్డకొలత వస్తుంది. కర్రలు పాతి నిలబెట్టండి.
3. అడుగున ఇటుకలు ఎడంగా పేర్చి, వాటి మీద ఎండు కొమ్మలు అడ్డదిడ్డంగా వేయండి. కింద నుంచి గాలి ఆడాలి.
4. ఒక అడుగు మందాన ఆకులు వేసి, మజ్జిగ నీళ్ళు గానీ పేడ నీళ్ళు గానీ చిలకరించండి. తర్వాత మామూలు నీళ్ళతో తడపండి. తొక్కి అణచకండి.
5. మీద పల్చగా పాత మట్టి చల్లండి. మళ్ళీ ఆకులు, మళ్ళీ తడి. ఇలా పొరలు పొరలుగా నింపి గోనెసంచి కప్పండి.
6. పదిహేను రోజులకోసారి పారతో కలియబెట్టండి. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు నీళ్ళు చిలకరించాలి.

తడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉంది. ధారగా కారితే ఎక్కువైంది. అసలు ముద్ద కట్టకపోతే తక్కువైంది.

మూడు నాలుగు నెలలకు అడుగున ఉన్నది నల్లగా, పొడిపొడిగా మారుతుంది. తొలకరి వాన పడ్డాక వచ్చే మట్టి వాసన వస్తే ఎరువు అయినట్టే. వేప, కానుగ ఆకులు త్వరగా మాగుతాయి. మామిడి, బాదం ఆకులు మందం కాబట్టి చాలా ఆలస్యం. వాటిని ముందు నేల మీద పరచి బండి రెండుసార్లు పోనిచ్చినా, కాళ్ళతో నలిపినా ముక్కలై త్వరగా మాగుతాయి.

ఏం తేడా వస్తే ఏం చేయాలి:

- కుళ్ళు వాసన వస్తే తడి ఎక్కువైంది. ఎండుటాకులు కలిపి తిరగేయండి, రెండు రోజులు మూత తీసి ఉంచండి.
- నెల దాటినా ఆకులు ఆకుల్లాగే ఉంటే తడి చాలలేదు, లేదా పొరలకు పేడ, మజ్జిగ అందలేదు.
- చీమలు, చెదలు పడితే లోపల ఎండిపోయింది. తడిపి, అడుగు నుంచి తిరగేయండి.
- తెల్లటి బూజు కనిపిస్తే భయపడకండి. పని జరుగుతోందన్నమాట.
- పాములు చేరతాయేమోనన్న భయం సహజం. అందుకే గోడకు దూరంగా పెట్టమన్నాను. కలియబెట్టే ముందు కర్రతో జాలిని నాలుగుసార్లు తట్టండి, చేతులు పెట్టకుండా పార వాడండి, కాళ్ళకు బూట్లు వేసుకోండి.

జాలికి చోటు లేనివాళ్ళు ఖాళీ బియ్యం బస్తాకు పక్కల చిన్న చిల్లులు పెట్టి, అందులోనే ఆకులు తడిపి నింపి మూతి కట్టేయొచ్చు. టెర్రస్ మీద కుండీలు ఉంటే ఎండుటాకును మొక్క మొదట్లో రెండంగుళాల మందాన పరచండి. ఎండాకాలం నీళ్ళు పోసే పని కూడా తగ్గుతుంది. వంటింటి తడి చెత్తతో ఎరువు చేసేవాళ్ళకైతే ఎండుటాకు చాలా విలువైన వస్తువు. ఒక గిన్నె తడి చెత్తకు రెండు మూడు గిన్నెల ఎండుటాకు కలిపితే వాసన రాదు.

## 4. వంటింటి పొయ్యి

గ్యాస్ మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగు నాలుకలు వస్తున్నా, గిన్నెల అడుగు నల్లబడుతున్నా గ్యాస్ సరిగా కాలడం లేదు. పొగ, మసి ఇంట్లోకే వస్తాయి, గ్యాస్ కూడా వృథా.

నెలకోసారి ఇలా చేయండి.

1. రాత్రి వంట అయ్యాక సిలిండర్ రెగ్యులేటర్ ఆపి, బర్నర్లు చల్లారేదాకా ఆగండి.
2. బర్నర్ మూతలు తీసి, వేడి నీళ్ళలో నిమ్మరసం, కొంచెం వంటసోడా కలిపి అరగంట నాననివ్వండి.
3. పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పొంగిన పాలు, పప్పు కట్టు ఎండిపోయి మూసుకున్న రంధ్రాలను సూదితో ఒక్కొక్కటే పొడవండి. రంధ్రం పెద్దది కాకుండా చూడండి.
4. పూర్తిగా ఆరాకే బిగించండి. తడి ఉంటే మంట పసుపుగానే వస్తుంది, మీరు శుభ్రం చేయడం తప్పనుకుంటారు.
5. అయినా రంగు మారకపోతే మెకానిక్‌ను పిలవండి. జెట్, గాలి వచ్చే దారి వాళ్ళే చూడాలి.

రబ్బరు ట్యూబ్ మీద తేదీ ఉంటుంది, చూడండి. అయిదేళ్ళు దాటితే మార్చేయాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను మిరపకాయ ఘాటు కొట్టాక వేయడం అందరూ చేసే పొరపాటు. పొయ్యి వెలిగించేముందే వేయండి, వంట అయ్యాక పది నిమిషాలు తిరగనివ్వండి. ఎదురుగా ఉన్న కిటికీ కొంచెం తెరిస్తేనే అది గాలి లాగగలదు. ఫ్యాన్ రెక్కల మీద జిడ్డు పేరుకుంటే గాలి తక్కువగా కదులుతుంది. నూనె పొగలు కక్కేదాకా కాగబెట్టకండి. పోపు గింజలు చిటపటలాడటానికి అంత వేడి అక్కర్లేదు.

## 5. వాకిట్లో నీళ్ళ పొయ్యి

పల్లెల్లో, పట్నం శివార్లలో వంటకు గ్యాస్ ఉన్నా స్నానపు నీళ్ళు కట్టెల పొయ్యి మీదే కాగుతాయి. మానలేని పరిస్థితి ఉంటే పొగైనా తగ్గించుకోవచ్చు.

- పచ్చి కట్టె, తడి కట్టె వాడకండి. తడి ఉంటే పొగ బాగా ఎక్కువవుతుంది. ఎండలో ఆరబెట్టి, వానకు తడవకుండా చూరు కింద పేర్చండి.
- లావు మొద్దుల్ని మణికట్టు లావుకు చీల్చండి. సన్న కట్టె మంటతో కాలుతుంది, మొద్దు పొగతో రగులుతుంది.
- అంటించడానికి పాలిథిన్ కవర్లు, సైకిల్ ట్యూబ్ ముక్కలు వద్దు. ఎండిన కొబ్బరి మట్టల ఆకు, కొబ్బరి పీచు చాలు.
- కట్టెలు కుక్కేయకండి. మధ్యలో గాలి దూరాలి.
- డేగిసాకు మూత పెట్టండి. ఈ ఒక్కదానితో కట్టె బాగా ఆదా అవుతుంది.

స్తోమత ఉంటే సోలార్ హీటర్ మంచి మార్గం. ముగ్గురు నలుగురు ఉన్న ఇంటికి 100 లీటర్లది సాధారణంగా సరిపోతుంది.

## 6. దోమల చుట్ట, సాంబ్రాణి

ఇది రాసేటప్పుడు నాకు బాధగా ఉంటుంది. పిల్లలకు దోమలు కుట్టకూడదనే ప్రేమతోనే తలుపులు బిగించి మంచం కింద చుట్ట వెలిగిస్తాం. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేదానికి సమానమని తేలింది. సూక్ష్మ ధూళి అంటే పీఎం 2.5. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని రేణువులు, ఊపిరితిత్తుల లోతు దాకా వెళ్తాయి.

చుట్ట మానడానికి వరుస ఇది:

1. దోమ గుడ్డు పెట్టి, పిల్ల దోమ ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి నిల్వ నీళ్ళన్నీ పారబోస్తే చాలు. శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీ వాళ్ళు చెప్పేది ఇందుకే. కూలర్ తొట్టి, కుండీల కింది పళ్ళేలు, ఫ్రిజ్ వెనక ట్రే, టెర్రస్ మీద కొబ్బరి చిప్పలు, పాత టైర్లు మర్చిపోకండి.
2. కిటికీలకు దోమల జాలి. చిరిగితే అదే రోజు కుట్టండి.
3. సాయంత్రం ఆరు కాకముందే తలుపులు వేసి, ఎనిమిదింటికి మళ్ళీ గాలి ఆడనివ్వండి.
4. పడుకునే చోట దోమతెర. అంచులు పరుపు కిందికి దోపాలి, వేలాడదీసి వదిలేస్తే ప్రయోజనం లేదు.

వేపాకు పొగ, కోడిగుడ్ల అట్టల పొగ మంచివనుకునేవాళ్ళు ఉన్నారు. ఏ ఆకు కాల్చినా వచ్చేది పొగే.

పసిపిల్లలకు తలస్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్ళలో ఆచారం. అమ్మమ్మలతో వాదన పెట్టుకోకుండా ఒక దారి ఉంది. పొగ వేసిన పాత్రను పూజగదిలో కిటికీ పక్కన పెట్టండి. బిడ్డ జుట్టును మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, వెచ్చగా చుట్టి వేరే గదిలో ఉంచండి. బిడ్డ ముఖానికి పొగ తగలకపోవడమే ముఖ్యం. అగరబత్తీలకూ అంతే. గుప్పెడు బదులు ఒకటి, తలుపు తెరిచి.

## 7. దుమ్ము

పొడి చీపురుతో వాకిలి ఊడిస్తే దుమ్ము పోదు, లేచి మళ్ళీ కూర్చుంటుంది. మనవాళ్ళు ముందు కళ్ళాపి చల్లి ఊడ్చేది ఇందుకే. సిమెంటు వాకిలి అయినా చెంబుడు నీళ్ళు చిలకరించి ఊడవండి. పైపు పెట్టి కడగక్కర్లేదు. ఇంట్లో ఫ్యాన్ ఆపి ఊడ్చి, తడిగుడ్డ పెట్టండి.

ఇల్లు కట్టేవాళ్ళు, రిపేర్ చేయించేవాళ్ళు మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాల్సినవి:

- ఇసుక, డస్ట్ కుప్పల మీద టార్పాలిన్, అంచులకు ఇటుకలు
- టైల్స్, గ్రానైట్ కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కోయడం
- పగలగొట్టే ముందు గోడ తడపడం
- సిమెంటు సంచులు రోడ్డు మీద దులపకపోవడం
- పగలగొట్టిన శిథిలాలు చెరువు గట్టున పోయకపోవడం. హైదరాబాద్‌లో వీటిని తిరిగి ఇటుకలు, ఇసుకగా మార్చే ప్లాంట్లు జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ఉన్నాయి. జీహెచ్ఎంసీకి చెబితే బండి పంపుతారు, రవాణా ఖర్చు మనం పెట్టుకోవాలి.

మాట్లాడుకున్నవి కాగితం మీద రాయించండి. నోటిమాటగా చెబితే రెండో రోజుకే మర్చిపోతారు.

## 8. బండి

బండి మానేయమని చెప్పను. ఎప్పుడు తీయాలి, ఎలా ఉంచుకోవాలి అన్నది చూద్దాం.

పొద్దున పాలకు, మధ్యాహ్నం కరివేపాకుకు, సాయంత్రం మందులకు అని మూడుసార్లు తీసే బదులు ఒక్కసారి వెళ్ళండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనే పొగ ఎక్కువ. అందుకే సందు చివరి కొట్టుకు బండి మీద వెళ్ళడమే అన్నిటికన్నా చెడ్డ ప్రయాణం. అది నడిచే దూరం.

స్కూలు గేటు ముందు ఇంజిన్ ఆపండి. పిల్లల ముఖం సరిగ్గా కారు పొగగొట్టానికి కొంచెం పైన ఉంటుంది. పది కార్లు ఏసీ కోసం ఆన్‌లో ఉంటే ఆ గేటు దగ్గర గాలి ఎలా ఉంటుందో ఒకసారి కిందికి వంగి పీల్చి చూడండి.

పొగ రంగును బట్టి జబ్బు తెలుస్తుంది:

- నల్ల పొగ: ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూపించండి, చాలాసార్లు అదే.
- నీలి పొగ: ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్ళో అరిగివుంటాయి. వాయిదా వేస్తే ఖర్చు పెరుగుతుంది.
- కారులో ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ: కూలెంట్ లోపలికి కారుతోంది. నడపకుండా మెకానిక్‌కి చూపించండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. పరీక్ష చేయించుకోండి, కాగితం మాత్రం కొనుక్కోకండి. పొగగొట్టంలో గొట్టం పెట్టకుండా సర్టిఫికెట్ ఇస్తుంటే పెట్టమని అడగండి.

పెట్రోల్ బంకులో నాజిల్ తనంతట తాను ఆగాక, రౌండ్ ఫిగర్ కోసం ఇంకా కొట్టించకండి. ఆ ఆవిరి గాలిలోకే పోతుంది. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపించుకోండి.

## 9. భోగి, దీపావళి

భోగి మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ప్లైవుడ్, పెయింట్ వేసిన తలుపులు, ఫోమ్ పరుపులు వేయకండి. ఎండు కట్టె, పిడకలు మాత్రమే. ఇంటికో మంట బదులు వీధికి ఒకటి, అదీ చిన్నది. దీనికి భోగికి వారం ముందే పది ఇళ్ళవాళ్ళు మాట్లాడుకోవాలి. ఆ రోజు తెల్లవారుజామున చెబితే ఎవరూ వినరు.

దీపావళికి బాంబులు మానేసి పిల్లలకు పాము బిళ్ళలు కొనిస్తే నయమనుకుంటాం. కానీ 2016లో పుణెలో టపాసుల పొగను కొలిచినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ సూక్ష్మ ధూళి వదిలింది పాము బిళ్ళే. పిల్లలు దాని మీదికి వంగి చూస్తారు కూడా. ఈసారి జాబితాలోంచి ముందు దాన్నే కొట్టేయండి. కాకరపువ్వొత్తులు కాల్చినా చేయి చాచి, మేడ మీద గాలి ఆడే చోట. సుప్రీంకోర్టు 2018లో దీపావళికి పెట్టిన టైమ్ రాత్రి 8 నుంచి 10 దాకా.

## 10. పక్కవాళ్ళు తగలబెడుతుంటే

ఇది అందరూ ఇబ్బంది పడే చోటు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుకున్నా పక్క ఖాళీ ప్లాట్‌లో మంట పెడితే అన్నీ వృథా. గొడవ లేకుండా ఇలా చేయండి.

1. మంట ఉన్నప్పుడు నీళ్ళు చల్లి ఆర్పండి, మాటలు తర్వాత. ఆ నిమిషంలో అరిస్తే రేపు మీరు లేనప్పుడు కాలుస్తారు.
2. సాయంత్రం వెళ్ళి మాట్లాడండి. "అక్కా, మా నాన్నగారికి రాత్రంతా ఆయాసం వచ్చింది" అని జరిగింది చెప్పండి. చట్టం సంగతి ఎత్తకండి.
3. ఎందుకు కాలుస్తున్నారో అడగండి. బండి రాకపోవడమా, చోటు లేకపోవడమా, దోమలా? ఆ కారణానికి మందు ఇవ్వండి. ఆకుల జాలిలో చోటు చూపించండి, బండి వచ్చే టైమ్ చెప్పండి.
4. ఊడ్చేవాళ్ళు కాలుస్తుంటే వాళ్ళ మీద కోపం వద్దు. సంచులు ఎత్తే ఏర్పాటు చేయాల్సిన శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడండి.
5. మూడోసారి కూడా జరిగితే ఫోటో తీసి ఫిర్యాదు చేయండి. మనుషుల ముఖాలు వద్దు. మంట, దగ్గరలోని గుర్తు, టైమ్ కనిపించాలి. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ నంబర్ 040-21111111, మిగతా ఊళ్ళలో మున్సిపాలిటీ ఆఫీసు.

బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు కట్టించాలని చెప్పింది. ఫిర్యాదులో ఈ ఒక్క వాక్యం రాస్తే చాలు, దరఖాస్తు పెద్దది కానక్కర్లేదు.

ఫిర్యాదు నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోండి, మొదటి వారం పొగలు రాసుకున్న ఆ నోట్‌బుక్‌లోనే. మూడు రోజుల్లో ఎవరూ రాకపోతే కొత్త ఫిర్యాదు పెట్టకండి. పాత నంబర్ చెప్పి, ఆ తర్వాత ఎన్నిసార్లు, ఏ టైమ్‌లో కాల్చారో తేదీలతో చదివి వినిపించండి.